జ్యూస్ పాడైందా, లేక రంగు రుచి మాత్రమే మారాయా?

దాచిన జ్యూస్ విషయంలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ఒకరు రంగు మారిందని మంచి జ్యూస్ పారబోస్తారు. ఇంకొకరు వాసన బాగానే ఉందని నాలుగు రోజుల నాటిది తాగేస్తారు. నాకు రెండోవారి గురించే బెంగ.

గుజ్జు అడుగుకు దిగింది, పైన నీళ్లలా తేరుకుంది
పాడవలేదు. గుజ్జును రసంలో తేలేలా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పండులోని ఒక ఎంజైమ్ మార్చేస్తుంది, దాంతో గుజ్జు కిందికి దిగుతుంది. సీసా ఊపి తాగండి.

ఆపిల్ జ్యూస్ గోధుమ రంగుకు తిరిగింది
కోసిన ఆపిల్ ముక్కకు జరిగేదే దీనికీ జరిగింది, గాలి తగిలింది. జ్యూస్ తీయగానే కాస్త నిమ్మరసం కలిపి, చిన్న సీసాలో నిండుగా పోసి మూత పెట్టండి.

కమలా, బత్తాయి రసం చేదెక్కింది
తీసినప్పుడు తియ్యగానే ఉంటుంది, కొన్ని గంటలకు చేదవుతుంది. గింజల్లో, తొనల పొరల్లో ఉండే చేదు లేని ఒక పదార్థం పుల్లటి రసంలో మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. ఆ లిమోనిన్‌దే చేదు. ఒకసారి వచ్చిన చేదును ఇంట్లో తీసేయలేం. ఈసారి గింజలు, పొరలు మిక్సీలో నలగకుండా చూసుకుని, తీసిన వెంటనే తాగండి.

సీసా ఉబ్బింది, మూత తీస్తే బుస్సుమంది
ఇది నిజంగా పాడవడమే. ఈస్ట్ చక్కెరను తిని గ్యాస్, ఆల్కహాల్ వదులుతోంది. జ్యూస్‌లోని పులుపు దాన్ని ఆపలేదు, కొన్ని రకాలు ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతాయి. గాజు సీసా అయితే పగలవచ్చు, గుడ్డ చుట్టి ముఖానికి దూరంగా మూత తీయండి. పారబోయడం తప్ప దారి లేదు, మరిగించినా బాగుపడదు. జ్యూస్ బయట ఎక్కువసేపు ఉండిపోవడం, సీసాకు నోరు పెట్టి తాగి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టడం, మూత మరల్లో పాత జ్యూస్ ఎండిపోయి ఉండటం దీనికి దారి తీస్తాయి. సీసా కడిగేవాళ్లు మూతను మర్చిపోతారు. దాన్ని బ్రష్‌తో రుద్దండి.

ప్యాక్ ఉబ్బలేదు, కానీ జ్యూస్‌కు మందుల వాసన
క్రిములను చంపడానికి ఫ్యాక్టరీలో జ్యూస్‌ను వేడిచేసే పాశ్చరైజేషన్‌ను కూడా తట్టుకుని బతికే ఒక బ్యాక్టీరియా పని ఇది. గ్యాస్ వదలదు కాబట్టి ప్యాక్ మామూలుగానే కనిపిస్తుంది. తాగకండి.

పైన బూజు తెట్టు
తెట్టు తీసేసి తాగడం మాత్రం వద్దు. ఆపిల్ మీద పెరిగే కొన్ని బూజులు పాట్యులిన్ అనే విషపదార్థాన్ని తయారుచేస్తాయి, అది వేడికి అంత తేలిగ్గా పోదు. అందుకే కుళ్లిన ఆపిల్‌ను అసలు జ్యూస్‌కే వాడకండి.

ఏ తేడా లేదు, కానీ ఎప్పుడు తీశారో గుర్తులేదు
నన్నడిగితే పారబోయండి. ఇ.కోలి, సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా చేరినా రంగు, వాసన, రుచి మారకపోవచ్చు. ఇక్కడ ముక్కును నమ్మడానికి లేదు, గంటలు లెక్కపెట్టాలి. బయట 2 గంటలకు మించి ఉంచకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండల్లో అయితే 1 గంటే. ఫ్రిజ్ లోపల 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే తక్కువ ఉండాలి. అలా ఉన్నా, ఇంట్లో తీసిన జ్యూస్‌ను ఒక రోజులో, మహా అయితే రెండు రోజుల్లో ముగించండి. తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెట్టండి, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి తగులుతుంది.

పుచ్చకాయ, ఖర్బూజా, క్యారెట్ రసాల్లో పులుపు తక్కువ కాబట్టి ఏ రోజుది ఆ రోజే తాగేయండి. 2006లో అమెరికా, కెనడాల్లో సీసా క్యారెట్ జ్యూస్ తాగిన కొందరికి బొటులిజం వచ్చింది, అంటే ఒక బ్యాక్టీరియా వదిలే విషం వల్ల వచ్చే ప్రమాదకరమైన జబ్బు. అది పాశ్చరైజ్ చేసిన జ్యూసే, కానీ చల్లగా నిల్వ ఉండకపోతే ఆ విషం తయారవుతుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు ఇచ్చే పచ్చి జ్యూస్‌ను తాజాగా ఉన్నప్పుడే ఒక పొంగు రానిచ్చి చల్లార్చి ఇవ్వడం మంచిది.

ఎక్కువ మిగిలితే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు వ్యాకోచిస్తుంది కాబట్టి డబ్బాలో పైన కాస్త ఖాళీ వదిలి, మూత మీద తేదీ, టైమ్ రాయండి. కరిగించేది కూడా ఫ్రిజ్‌లోనే.