వైడ్‌బ్యాండ్ లాగ్‌తో వీఈ టేబుల్ సరిచేసిన తీరు

వీఈ టేబుల్ అంటే ఏ వేగం, ఏ లోడ్ దగ్గర ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుందో చెప్పే అంకెల పట్టిక; ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దాన్ని బట్టే పెట్రోలు కొలుస్తుంది. వైడ్‌బ్యాండ్ అంటే మిశ్రమాన్ని కొలిచే, ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సార్.

లక్షణం: 2500 ఆర్‌పీఎం, 50 కిలోపాస్కల్ మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) దగ్గర నిలకడగా నడిపితే చిన్న కుదుపు. నా ఈసీయూ మెగాస్క్వర్ట్; దాని లాగ్‌లో లాంబ్డా (గాలి-పెట్రోలు నిష్పత్తి సరైనదానికి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె) 1.08, టార్గెట్ 1.00. అంటే మిశ్రమం 8 శాతం పలచన.

టేబుల్ ముట్టుకోకముందే ఎగ్జాస్ట్ జాయింట్లు చూడాలి. ఇది దాటేయకండి. సెన్సార్‌కు ముందు సన్నటి లీకున్నా బయటి గాలి లోపలికొచ్చి, మిశ్రమం పలచగా ఉన్నట్టు చూపిస్తుంది. మిస్‌ఫైర్ అయినా అంతే: మండకుండా మిగిలిన ఆక్సిజన్‌నే సెన్సార్ చదువుతుంది. ఆ అంకెను నమ్మి పెట్రోలు పెంచితే ప్లగ్గులు మసిబారతాయి.

లీకు లేదని తేలాక ఆక్సిజన్ సెన్సార్‌ను బట్టి ఈసీయూ తనంతట తాను పెట్రోలు సరిచేసుకునే కరెక్షన్ ఆపి, కూలెంట్ 80 డిగ్రీలు దాటాక 20 నిమిషాల లాగ్ తీశాను. థ్రాటిల్ కదులుతున్న వరసలు, ఓవర్‌రన్‌లో (థ్రాటిల్ వదిలేసి బండి దొర్లుతున్నప్పుడు) ఇంధనం ఆగిన వరసలు తొలగించాను. లెక్క సులువే: పాత విలువ × చదివిన లాంబ్డా ÷ టార్గెట్. ఆ గడిలో పాత విలువ 52; 52 × 1.08 = 56.2. ముందు 54 వేసి, మళ్లీ లాగ్ తీసి, ఆ తర్వాతే 56కి వెళ్లాను. ఈసీయూ పక్క గడుల మధ్య సగటు కట్టుకుంటుంది కాబట్టి, వాటినీ అదే వాలులోకి తేవాలి. కుదుపు పోయింది.

ఏఎఫ్‌ఆర్ (గాలి-పెట్రోలు బరువుల నిష్పత్తి) కాక లాంబ్డానే చూడండి. 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు సరైన నిష్పత్తి 14.7 కాదు, దాదాపు 13.5.