పాత అమెరికన్ రాగి సెంట్లు: డై (నాణెం కొట్టే అచ్చు) రకం తేల్చే ముందు జాగ్రత్తలు

వేలం రోజు దగ్గర పడుతోంది. 1793–1814 పెద్ద సెంట్లకు షెల్డన్ నంబరు (ఏ డై జతతో కొట్టారో చెప్పే సంఖ్య) వెతికేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• 1799, 1804 అని కనిపిస్తే ఆ అంకెల్నే అనుమానించండి. 1798లోని 8ని చెక్కి 9 చేసిన నాణేలు తిరుగుతుంటాయి, డబ్బు గట్టిగా పోయేది ఇక్కడే. అసలైన 1804కి ఉన్నది ఒకే డై జత: సంవత్సరంలోని సున్నా, వెనకవైపు ‘ఆఫ్’ పదంలోని ‘ఓ’ ఒకదానికొకటి సరిగ్గా ఎదురుగా ఉండాలి. అలా లేకపోతే, ఎంత చవకైనా వదిలేయండి.

• పగులు గీత చూసి నంబరు ఖాయం చేయొద్దు. కొట్టగా కొట్టగా డై పగిలింది, తొలి నాణేల మీద ఆ గీత ఉండదు. అంకెల మధ్య ఖాళీ, అక్షరాల వరస, వెనకవైపు దండలోని ఆకులు, కాయలు, 1/100 భిన్నంలోని గీత నమ్మండి.

• రెండు వైపులూ చూడాలి. ఒకే ముందు డైని వేర్వేరు వెనక డైలతో వాడారు.

• లైటు పక్కనుంచి పడనివ్వండి, నాణేన్ని మెల్లగా తిప్పండి. 1794లో ఒక రకానికి వెనక అంచు చుట్టూ 94 బుల్లి నక్షత్రాలుంటాయి. అరిగిన నాణెంపై మిగిలిన ఒకటో రెండో అలాగే బయటపడతాయి. ఈ పని తొందరగా చేసేది కాదు.

• 1795 అయితే తూకం కూడా: ఆ ఏడాది చివర్లో బరువు 13.48 నుంచి 10.89 గ్రాములకు తగ్గింది.