శుక్ర మూలకణాల పెంపకం – 4వ పాఠం: మొదటి పది రోజులు

గత పాఠంలో వయసొచ్చిన చిట్టెలుక వృషణంలోని నాళికలను ముందు కొల్లాజినేజ్, తరువాత ట్రిప్సిన్ అనే ఎంజైములతో విడగొట్టి, ట్యూబు అడుగున తెల్లని కణాల ముద్దను తీసుకున్నాం. అందులో బీజకణాలు పదివేలుంటే, అసలైన మూలకణాలు, అంటే తమలాంటివాటిని పుట్టిస్తూనే శుక్రకణాలకూ మూలమయ్యేవి, దాదాపు 3 మాత్రమే. తక్కినవన్నీ శుక్రకణాలుగా మారే దారి పట్టినవే. వాటికి తోడు బీజకణాలను పోషించే సెర్టోలి కణాలు, కణజాలాన్ని పట్టి ఉంచే ఫైబ్రోబ్లాస్టులు కూడా వచ్చి చేరతాయి. పసి ఎలుకలో బీజకణాలు ఇంకా ఆ దారి పట్టి ఉండవు కాబట్టి అక్కడ పని సులువు. పెద్ద ఎలుకతో మొదలుపెట్టేవారికి ఏరివేతే సగం పని.

జెలటిన్ పూసిన ప్లేటులో కణాలను పోసి, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న ఇంకుబేటర్‌లో రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి ఫైబ్రోబ్లాస్టుల వంటి దేహకణాలు అడుగుకు గట్టిగా అతుక్కుంటాయి. బీజకణాలు తేలుతూనో, వదులుగా ఆనుకునో ఉంటాయి. ప్లేటును కాస్త వంచి, పిపెట్ కొనను అడుగుకు తాకనివ్వకుండా, మీడియంనే (కణాలున్న పోషక ద్రవాన్నే) మెల్లగా ఆ బీజకణాల మీదికి జార్చి వాటిని లేపాలి. బుడగలు వచ్చాయంటే చెయ్యి బరువైందని అర్థం. ఇంతకన్నా శుభ్రంగా కావాలంటే, మూలకణాల పైన ఉండే థై-1 అనే ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ తొడిగిన అయస్కాంత పూసలతో వడగట్టవచ్చు. వీలున్నవారు ఈ మెట్టు వదలకూడదనే నా అభిప్రాయం.

ఇలా వచ్చిన కణాలను విభజన ఆపేసిన ఫీడర్ కణాల (తాము పెరగకుండా పక్క కణాలకు ఆసరా ఇచ్చేవాటి) మీద వేస్తాం. మీడియంలో ప్రాణాధారం జీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్. వృషణంలో దీన్ని సెర్టోలి కణాలు స్రవిస్తాయి. ఇది తగ్గిన ఎలుకల్లో మూలకణాల నిల్వ తరిగిపోతుందనీ, అతిగా ఉన్నవాటిలో అవి పరిణతి చెందక పోగుపడతాయనీ 2000లో తేలింది. ఆ తరువాత 2003లో క్యోటో శాస్త్రవేత్తలు జీడీఎన్‌ఎఫ్‌కు మరికొన్ని వృద్ధికారకాలను జతచేసి, పసి ఎలుక కణాలను 5 నెలలపాటు పెంచగలిగారు. జీడీఎన్‌ఎఫ్ ఖరీదైన సరుకు, పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే బలం పోతుంది. కాబట్టి వచ్చిన రోజే చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి పెట్టుకోండి. హైదరాబాద్ మే నెల ఎండల్లో బల్ల మీద మరచిపోతే ఇక అంతే.

పెద్ద ఎలుక కణాలతో నేను మొదటిసారి చేసినప్పుడు, అయిదో రోజుకే ప్లేటు నిండిందని ఎంతో సంబరపడ్డాను. తీరా చూస్తే అవన్నీ ఫైబ్రోబ్లాస్టులు: సన్నగా, పొడుగ్గా, ఒకే వాలుగా పరుచుకున్న కలుపు. మనం వెతకవలసిన కాలనీ ఆలస్యంగా, వారం పది రోజులకు కనిపిస్తుంది. గుండ్రని కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఫీడర్ల మీద కొద్దిగా ఉబ్బెత్తుగా, చిన్న ద్రాక్షగుత్తిలా ఉంటాయి. నగర శివార్లలో అనాబ్‌షాహీ తోటలు చూసినవారికి ఆ పోలిక ఇట్టే పడుతుంది.

అయితే రూపం చూసి మూలకణమని నిర్ధారించకూడదు. బీజకణాలు లేకుండా చేసిన ఎలుక వృషణంలోకి ఎక్కించినప్పుడు మళ్ళీ శుక్రకణాలను పుట్టించగలగడమే అసలు పరీక్ష; పెన్సిల్వేనియాలో బ్రిన్‌స్టర్ బృందం 1994లో చూపిన పద్ధతి అది. కీమోథెరపీకి ముందు దాచుకోవడానికి ఇంకా శుక్రకణాలే పుట్టని పిల్లలకు ఈ విద్య ఎంత అవసరమో తలచుకున్నప్పుడల్లా, ఈ పరీక్షను దాటవేయకూడదని నాకు మరింత గట్టిగా అనిపిస్తుంది.

వచ్చే పాఠంలో ఈ గుత్తులను కొత్త ప్లేటులోకి మార్చుదాం. దానికి ఒకరోజు ముందే ఫీడర్లను పరచి ఉంచుకోండి.