పాత అంబాసిడర్ స్టీరింగ్ చక్రాన్ని బాగుచేసుకునే పద్ధతి

పాత అంబాసిడర్ కారు ఇంజనుకూ బాడీకీ లక్షలు వెచ్చించేవారు కూడా, స్టీరింగ్ చక్రం దగ్గరికి వచ్చేసరికి దానికొక రెక్సిన్ తొడుగు కుట్టించి ఊరుకుంటారు. తొడుగు పగుళ్లను కప్పిపెడుతుందే తప్ప మాన్పదు. పైగా చేతి చెమట దాని కిందికి దిగి, లోపలి ఉక్కు కడ్డీకి తుప్పు పట్టిస్తుంది. కాస్త ఓపిక ఉంటే ఈ పనిలో అధిక భాగాన్ని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

ఆ కాలపు చక్రాలలో ఉక్కు కడ్డీ చుట్టూ గట్టి ప్లాస్టిక్‌ను పోతపోసేవారు. ఎండకు ఉక్కు కంటే ప్లాస్టిక్ ఎన్నో రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది, చల్లబడినప్పుడు అంతే ఎక్కువగా ముడుచుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి కొంత కుంచించుకుపోతుంది కూడా. కడ్డీ మాత్రం దానికి తగ్గట్టు కుంచించుకోదు కనుక ప్లాస్టిక్ ఎక్కడో ఒకచోట విడిపోక తప్పదు. అందుకే పగుళ్లు ఎక్కువగా ఊచలు చక్రంలో కలిసేచోట కనిపిస్తాయి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో అద్దాలు బిగించి ఆరుబయట నిలిపిన బండిలో ఈ నష్టం ఎంత త్వరగా జరుగుతుందో చెప్పనక్కరలేదు.

పగుళ్లేమీ లేక, చక్రం కేవలం జిడ్డుపట్టి కాంతి తగ్గి ఉంటే రంగు జోలికి పోవద్దు. సబ్బునీటితో కడిగి, సన్నని పాలిష్‌తో రుద్దితే చాలు. కంపెనీ నుంచి వచ్చినప్పటి అసలు ఉపరితలానికి ఏ కొత్త రంగూ సాటి రాదు.

చక్రాన్ని విప్పబోయే ముందు బండి ముందరి టైర్లను తిన్నగా నిలిపి, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసివేయాలి. హారన్ బటన్‌ను విప్పి, దాని వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు. మధ్యలోని నట్టును వదులు చేయాలి గానీ పూర్తిగా తీసేయకుండా రెండు మూడు చుట్లు ఉంచాలి. లేకపోతే బిగుసుకున్న చక్రం ఒక్కసారిగా ఊడి ముఖానికి తగులుతుంది. చక్రం షాఫ్టు పళ్లలో ఏ పంటి మీద కూర్చుందో తెలియడానికి షాఫ్టు మీదా చక్రం మీదా ఎదురెదురుగా గుర్తు పెట్టి, చక్రాన్ని సమంగా బయటికి లాగే పరికరమైన పుల్లర్‌తో లాగాలి. వెనక నుంచి సుత్తితో కొట్టే అలవాటు కొందరికి ఉంది, కానీ ఆ దెబ్బలు షాఫ్టును పట్టి ఉంచే కాలమ్ బుష్‌లనూ, స్టీరింగ్ తిప్పుడును టైర్లకు చేర్చే కిందనున్న ర్యాక్ పినియన్‌నూ దెబ్బతీస్తాయి.

విప్పిన చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూడాలి. లోపలి కడ్డీ విరిగినా, ఊచ అతుకు కదిలినా ఆ చక్రాన్ని బాగుచేసే ప్రయత్నం మానుకుని వేరొకటి వెతుక్కోవడమే మంచిది, ఎందుకంటే పైన ఎంత అందంగా పూడ్చినా ఆ బలహీనత బండి నడిపేటప్పుడు బయటపడుతుంది.

పని నిలవడం, నిలవకపోవడం పగులును తెరవడంలో ఉంది. సన్నని పగులు మీద పైపైన మందు రాస్తే అది నెలల్లోనే మళ్లీ విచ్చుకుంటుంది. హెక్సా బ్లేడుతో, ముక్కోణపు ఆకురాయితో ప్రతి పగులునూ ఉక్కు కనిపించేదాకా ఏటవాలు గాడిగా వెడల్పు చేసి, కడ్డీ మీది తుప్పును తెల్లటి లోహం మెరిసేదాకా గీకాలి. ఆ తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. డ్యాష్‌బోర్డు మెరుపు కోసం ఏళ్లుగా వాడిన సిలికాన్ పాలిష్ ఏమాత్రం మిగిలినా రంగు అక్కడ అంటక, చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. అందుకే తుడిచిన గుడ్డనే తిప్పి వాడకుండా ప్రతిసారీ కొత్తది తీసుకోవాలి.

పూడ్చడానికి బాడీ పుట్టీ పనికిరాదు. చక్రం మీద పడే ఒత్తిడికి అది పెచ్చులుగా లేస్తుంది. ఎం-సీల్ వంటి రెండు భాగాల ఎపాక్సీ ముద్దను సమపాళ్లలో తీసుకుని, చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా పిసికి, గాడి అడుగు నుంచి గాలి చేరకుండా వేలితో నొక్కుతూ, అంచుల కంటే కొంచెం ఎత్తుగా నింపాలి. తడి వేలితో నునుపు చేయవచ్చు. ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి.

చక్రం వెనక వైపు వేళ్లు పట్టడానికి అలల్లాంటి గాళ్లు ఉంటే అక్కడే అసలు నైపుణ్యం అవసరమవుతుంది. చెడిపోని గాడి ఆకారాన్ని అట్టముక్క మీద గీసి కత్తిరించుకుని, దానిని పూడ్చిన చోట ఆనించి చూస్తూ, గాడికి సరిపోయే లావున్న పైపుముక్కకు గరుకు కాగితం చుట్టి అరగదీయాలి. 80 నంబరుతో మొదలుపెట్టి 180, 320 వరకు రావాలి. ఈ దశలో కంటిని నమ్మవద్దు. కళ్లు మూసుకుని చక్రం చుట్టూ అరచేతిని తిప్పితే వెంట్రుకవాసి ఎత్తుపల్లాలు కూడా తెలిసిపోతాయి.

తరువాత రంగుకు అడుగుపూతగా ఎపాక్సీ ప్రైమర్ పలుచగా వేసి, ఆరాక 400, 600 నంబర్ల వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దాలి. ప్రైమర్ పడగానే అంతవరకూ దాక్కున్న సన్నని గీతలన్నీ బయటపడతాయి. వాటిని పూడ్చి మళ్లీ ప్రైమర్ వేయడానికి బద్ధకించకూడదు. రంగు విషయంలో త్వరగా ఆరే పాత తరహా కారు రంగు డ్యూకో చౌకే అయినా చేతి చెమటకూ వేడికీ మెత్తబడుతుంది కనుక, రంగును గట్టిపరచే హార్డ్‌నర్ కలిపే పీయూ (పాలీయురేథేన్) పెయింటే వేయించాలని నా అభిప్రాయం. ఆ హార్డ్‌నర్‌లోని ఐసోసైనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు. కాబట్టి ఈ ఒక్క పనిని సరైన మాస్కూ రంగు చల్లే బూత్‌ ఉన్న పెయింటర్‌కు అప్పగించడం మేలు. వాన ముసురులో రంగు వేయించవద్దు. పైకి ఆరినట్టు కనిపించినా వారం రోజులు చక్రాన్ని బిగించకుండా ఆగాలి.

బిగించేటప్పుడు గుర్తులు కలిపి, వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పినంత బిగింపు బలం, అంటే టార్క్‌తో నట్టు బిగించి, హారన్ పలుకుతోందో లేదో చూసుకోవాలి. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా కాసేపు నడిపి వచ్చాక నట్టును మరోసారి పరీక్షించాలి. ఆపైన చక్రానికి సిలికాన్ పాలిష్ ముట్టించకూడదు; చేయి జారుతుంది. తడిగుడ్డ చాలు.