కొత్త డిస్క్ పెట్టాక డేటాబేస్ నెమ్మదించిందా? స్టార్ట్ సెక్టార్ చూడండి

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్ ఊపందుకునే ముందు అడ్తిదారులు పాత బిల్లింగ్ సర్వర్లకు కొత్త హార్డ్ డిస్కులు వేయిస్తారు. ఆ తర్వాత ఫిర్యాదు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: పాత బిల్లులు వెతికితే వెంటనే వస్తాయి, కొత్త తక్‌పట్టీ (అమ్మకం చీటీ) సేవ్ చేయబోతే మాత్రం కంప్యూటర్ ఆగిపోతుంది. చదవడం బాగుండి రాయడం ఒక్కటే కుంటుపడిందంటే, ర్యామ్ కొనకండి, డేటాబేస్ సెట్టింగులు ముట్టుకోకండి.

డిస్క్‌లో ఖాళీ ఉందా, డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే స్మార్ట్ పరీక్షలో లోపాలున్నాయా అన్నవి మీరు చూసే ఉంటారు. ఎవరూ చూడనిది, పార్టిషన్ (డిస్క్‌లో డేటా కోసం కేటాయించిన భాగం) ఏ సెక్టార్ నుంచి మొదలైందన్నది. సెక్టార్ అంటే డిస్క్ ఒకేసారి రాయగలిగే అతి చిన్న ముక్క. ఎఫ్‌డిస్క్ అనే లినక్స్ ఆదేశం చూపే పట్టికలో ‘స్టార్ట్’ కింద 63 ఉండి, భౌతిక సెక్టార్ పరిమాణం 4096 అని ఉంటే కారణం దొరికినట్టే.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకేసారి రాసే ముక్క, అంటే పేజీ, 8 కిలోబైట్లు. దాని కింద ఫైల్ సిస్టమ్ బ్లాకు సాధారణంగా 4 కిలోబైట్లు. కొత్త డిస్క్‌లో అసలు సెక్టార్ కూడా 4096 బైట్లే, కానీ పాత వ్యవస్థల కోసం అది తనను 512 బైట్ల డిస్క్‌గా చెప్పుకుంటుంది. పాతకాలపు పార్టిషన్లు 63వ సెక్టార్ నుంచి మొదలయ్యేవి, అప్పటి డిస్కులకు దానివల్ల నష్టం లేదు. పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు క్లోన్ చేసినప్పుడు ఆ 63 కూడా కొత్తదానిలోకి వచ్చేస్తుంది. 63ను 512తో గుణిస్తే 32,256. అది 4096తో భాగించబడదు. అందువల్ల ప్రతి బ్లాకూ రెండు సెక్టార్ల మీద అడ్డంగా పడుతుంది, రెండు సెక్టార్లలో సరిపోవాల్సిన పేజీ మూడింటిని తాకుతుంది. ఆ మూడింటిలో రెండు చివరలూ అరకొరే. సెక్టార్‌లో కొంత భాగమే రాయడం డిస్క్‌కు చేతకాదు. ముందు మొత్తం చదివి, మార్చి, పళ్లెం మళ్లీ తిరిగి వచ్చేదాకా ఆగి రాయాలి. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్‌లో ఒక చుట్టుకు సుమారు 8.3 మిల్లీసెకన్లు. చదివేటప్పుడు ఈ నిరీక్షణ లేదు, అందుకే పాత బిల్లులు చకచకా వస్తాయి. మైసీక్వెల్‌లోని ఇన్నోడీబీ వాడేవారికీ ఇదే కథ: 16 కిలోబైట్ల పేజీ నాలుగుకు బదులు ఐదు సెక్టార్లను తాకుతుంది.

పరిష్కారం: మార్కెట్ సెలవు రోజున, పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ సాధనమైన పీజీ‌డంప్‌తో డేటా వేరే డిస్క్‌లోకి తీయండి. ఆ ప్రతిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే ముందుకు వెళ్లండి. తర్వాత పార్టిషన్‌ను 2048వ సెక్టార్ నుంచి మొదలుపెట్టి (ఆ చోటు 4096తో సరిగ్గా భాగించబడుతుంది), ఫైల్ సిస్టమ్ కొత్తగా వేసి, డేటా తిరిగి ఎక్కించండి. డిస్క్ ఇమేజ్‌ను మాత్రం మళ్లీ దించకండి, 63 తిరిగి వచ్చి కూర్చుంటుంది.

వేగం కోసం ‘ఎఫ్‌సింక్’, ‘ఫుల్ పేజ్ రైట్స్’ అనే భద్రతా సెట్టింగులు (మొదటిది రాత డిస్క్‌కు చేరిందని నిర్ధారిస్తుంది, రెండోది సగం రాసిన పేజీని బాగుచేయడానికి ప్రతి ఉంచుతుంది) ఆపేయమని సలహా ఇచ్చేవారున్నారు. దయచేసి వినకండి. జమ్మికుంటలో ఒక పత్తి వ్యాపారి సర్వర్‌లో అలా ఆపి ఉంచారు. కరెంటు పోయినప్పుడు పేజీలో సగం కొత్తది, సగం పాతది మిగిలింది. ఆ సీజన్ లెక్కల్లో కొంత భాగం తిరిగి రాలేదు.

స్టార్ట్ 2048 ఉండి కూడా నెమ్మదిగానే ఉంటే, కేబుల్ మార్చి చూడండి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడుతుంటే దాని 128 కిలోబైట్ల రికార్డు పరిమాణం తగ్గించండి. డిస్క్ షింగిల్డ్ (ట్రాకులు ఒకదానిపై ఒకటి కొంత కప్పుకుని ఉండే) రకమని తేలితే డేటాబేస్‌కు అది వద్దు, బ్యాకప్‌లకు వాడుకోండి.