తలుపు పట్టేయకుండా ద్వారబంధం నిలబెట్టడం

వానాకాలం రాగానే తలుపు పట్టేస్తోందంటే అందరూ చెక్కనే తిడతారు. చెక్క దోషం కొంత ఉంటుంది, కాదనం. అయితే చాలా ఇళ్లలో అసలు పొరపాటు ద్వారబంధం, అంటే తలుపు బిగించే చట్రం, నిలబెట్టిన రోజునే జరిగిపోతుంది. రెక్కను, అంటే తెరిచి మూసే తలుపును, తర్వాతైనా చిత్రిక పట్టొచ్చు. కాంక్రీటులో బిగిసిన బంధాన్ని కదపాలంటే మాత్రం గోడ పగలగొట్టాలి.

బంధానికి వాడే కర్రలనే కమ్ములంటారు. సింహద్వారానికి 5×3 అంగుళాల కమ్ములు, లోపలి గదులకు 4×2½ సరిపోతాయి. చేవ (మాను లోపలి గట్టి భాగం) ఉన్న కర్రే తీసుకోండి. అంచున తెల్లచెక్క కనిపిస్తే 'గోడవైపు పోతుందిలే' అని సర్దుకోవద్దు, చెదలు మొదలయ్యేది అక్కడే. గోడకు ఆనే ముఖానికి ముందే రెండు పూతలు ప్రైమర్ వేయించండి. నిలబెట్టాక అక్కడికి బ్రష్ వెళ్లదు.

తర్వాత నేల మట్టం. నీళ్ల ట్యూబ్‌తో ఇల్లంతా ఒకే ఎత్తున గోడల మీద గీత కొట్టి, అన్ని బంధాలనూ దాని నుంచే కొలవాలి. టైల్, కింద మాలు కలిపి సుమారు 2 అంగుళాలు లేస్తుంది. ఆ లెక్క మరిస్తే కొత్త తలుపును అడుగున కోసుకోవాల్సిందే. ప్లాస్టరింగ్ మందం కూడా చూసుకోవాలి. బంధాన్ని ఇటుక ముఖానికి సమంగా పెడితే ప్లాస్టరింగ్ కమ్మి మీదికి వచ్చేస్తుంది, తలుపు పూర్తిగా తెరుచుకోదు. తలుపు తెరుచుకునే వైపు అర అంగుళం ముందుకు ఉంచండి.

గుమ్మం ఎత్తే ముహూర్తం తెల్లవారుజామున పడితే ఆ హడావుడిలోనే కాంక్రీటు పోసేస్తుంటారు. ముహూర్తానికి నిలబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, వాసాలతో ఆనించి వదిలేస్తే చాలు. మట్టాలు తెల్లారాక నింపాదిగా చూసుకోవచ్చు.

కమ్మి నిలువుగా ఉందో లేదో చూసే తూకం గుండు రెండు వైపులా వేయాలి, కమ్మి ముఖం మీద ఒకసారి, పక్కన ఒకసారి. టేపుతో మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా రావాలి. ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇంకోటుంది: ఎదురెదురు మూలలకు రెండు దారాలు బిగించి కట్టండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. ఎడం ఉన్నా, ఒకటి రెండోదాన్ని నెడుతున్నా బంధం మెలి తిరిగినట్టే. అలాంటి బంధంలో రెక్క పైన ఆనితే కింద ఆనదు, ఎంత చిత్రిక పట్టినా లాభం లేదు.

గడప లేని బంధానికి అడుగున ఒకటి, నడుమ ఒకటి అడ్డచెక్కలు కొట్టాలి. గడప ఉన్నా నడుమ చెక్క తప్పదు. కాంక్రీటు దట్టించేటప్పుడు నిలువు కమ్మి లోపలికి వంగుతుంది, కంటికి తెలియదు. వెడల్పు పైన, నడుమ, కింద మూడుచోట్లా కొలవండి. పక్కకు మూడు చొప్పున హోల్డ్‌ఫాస్ట్‌లు (బంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు): పై నుంచి అడుగు దూరంలో ఒకటి, కింది నుంచి అడుగు దూరంలో ఒకటి, నడుమ ఒకటి. వాటికోసం గోడలో వదిలిన గూడు తడిపి 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు నింపి, వారం దాకా అడ్డచెక్కలు తీయకండి. లింటెల్ (ద్వారం పైన గోడను మోసే దూలం) బరువు పైకమ్మి మీద పడకూడదు.

రెక్కకు పక్కలా పైనా 3 మి.మీ., కింద 5 మి.మీ. సందు ఉంచాలి. 7 అడుగుల తలుపుకు మూడు బందులు (హింజ్‌లు). బందు గాడి మరీ లోతైతే మూసిన తలుపు తిరిగి వెనక్కి తంతుంది. గాడిలో పల్చటి అట్టముక్క పెడితే సర్దుకుంటుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంటే బందులు వేసిన కమ్మి గుండుకు లేదని అర్థం. పాలిష్ పట్టేటప్పుడు రెక్క పై అంచుకు, కింది అంచుకు కూడా పట్టమని కచ్చితంగా అడగండి. వానాకాలంలో తేమ పీల్చేది ఆ పచ్చి అంచులే.

ఉబ్బిన తలుపును వానల్లో చిత్రిక పట్టించొద్దు. ఎండాకాలానికి అది ముడుచుకుని, గడియ అందనంత సందు వస్తుంది.