పండక్కి ఊరికొచ్చేవాళ్లు జ్వరాన్ని వెంట తేకుండా

పాకాల చుట్టుపక్కల పల్లెల్లో 22 ఏళ్లు ఏఎన్ఎంగా చేశాను. భోగికి ముందు మా సబ్‌సెంటర్ ఖాళీగా ఉండేది. కనుమ దాటిన నాలుగో రోజుకి వరండా నిండా దగ్గులే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి వచ్చిన పిల్లలు తిరిగి వెళ్లిపోయేవాళ్లు, జబ్బు ముసలోళ్ల దగ్గర మిగిలేది.

ఫ్లూ సోకిన రెండు రోజులకు అటూఇటూగా జ్వరం వస్తుంది. కానీ జ్వరం తగలడానికి ఒక రోజు ముందు నుంచే ఎదుటివాళ్లకు అంటుతుంది. సాయంత్రం నారాయణాద్రి రైలు ఎక్కినప్పుడు బాగానే ఉన్న మనిషి తెల్లారి తిరుపతిలో దిగేసరికి రాత్రంతా బోగీలో పంచిపెట్టి ఉండొచ్చు.

అందుకే బయల్దేరే ముందు గొంతు గరగర, ఒళ్లు నొప్పులు, పిల్లల ఒంటి వేడి చూసుకోండి. ఏది కనిపించినా ఆగిపోండి. పండగ టికెట్ దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఆగండి. ఊరికొచ్చాక జ్వరం మొదలైతే ఐదారు రోజులు మాస్కు పెట్టుకుని, కిటికీ తెరిచిన గదిలో విడిగా పడుకోండి.

ఒక సంక్రాంతికి నా తమ్ముడి కొడుకు 'అవ్వా' అంటూ వచ్చి మా అమ్మ మెడ చుట్టేశాడు. రాత్రి ఇద్దరిదీ ఒకే దుప్పటి. నాలుగో రోజు అమ్మ వేలికి ఆక్సిమీటర్ పెడితే ఆక్సిజన్ 88కి పడిపోయి ఉంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. పసివాడిది తప్పు కాదు. వాడు దిగిన పూట నేనే నుదురు పట్టి చూసుండాల్సింది.

చంటిబిడ్డలతో వచ్చేవాళ్లు టీకా కార్డు ఒకసారి తిప్పి చూడండి. తట్టు టీకా 9 నెలలకొకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి పడి ఉండాలి.

దసరా, దీపావళికైతే వానల కాలం, డెంగీ భయం. డెంగీ మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు. పట్నంలో సోకించుకొచ్చిన వాణ్ణి మన పెరటి దోమ కుడితే, 8 నుంచి 12 రోజుల తర్వాత ఆ దోమ ఇంకొకరికి ఎక్కిస్తుంది. అది పగలు కుట్టే దోమ, కాబట్టి జ్వరమొచ్చినవాళ్లు పగలు కూడా దోమతెరలోనే పడుకోవాలి. పారాసిటమాల్ ఒక్కటే వేయండి. బ్రూఫెన్, ఆస్ప్రిన్ వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

పండక్కి వెల్ల వేసి ఇల్లంతా మెరిపిస్తాం, పెరటి మూల కొబ్బరిచిప్పను మాత్రం చూడం. ఒకింట్లో వంగి చూశాను. గుక్కెడు నీళ్లు, అందులో తలకిందులుగా వేలాడే దోమపిల్ల పురుగులు. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా అడుక్కి దూకాయి. అలాంటివి బోర్లించండి. తొట్టి అయితే ఒంపితే చాలదు. గోడకు అతుక్కున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు, పీచుతో గట్టిగా రుద్దాలి.

తిరిగి వెళ్లాక పది రోజుల్లోపు జ్వరమొస్తే ఏ ఊరెళ్లొచ్చారో డాక్టరుకి చెప్పండి. ఆ రోజే ఇంటికి కూడా ఫోన్ చేసి అవ్వకి, తాతకి ఒళ్లెలా ఉందో అడగండి.